ఎర్లెన్‌గ్రుండ్ జిల్లాలో అడవి నలభై రెండు శాతం

మే 4, ఆదివారం

ఉత్తరం చేతికిచ్చారు. కాంట్రాక్టు జూన్ ముప్పైతో ముగుస్తుంది, పొడిగింపు లేదు, మీ సేవలకు కృతజ్ఞతలు. నలభై అయిదు దాటిన నర్సులందరికీ ఇదే ఉత్తరం, పేరొక్కటే మార్పు. నాకు నలభై ఏడు. సౌదీలో, హుఫూఫ్‌లో ఈ ప్రసూతి వార్డులో పందొమ్మిదేళ్ళు నిలబడ్డాను. ఎంతమంది పిల్లలు నా చేతుల మీదుగా భూమ్మీద పడ్డారో ఎప్పుడూ లెక్క పెట్టలేదు. పెట్టి ఉంటే ఇవాళ ఆ అంకె తీసుకెళ్ళి మా ముదీర్, అదే డైరెక్టరు, బల్ల మీద పెట్టేదాన్ని.

భయం లేదు. ముందు ఆ మాట రాసుకోవాలి. భయం లేదు.

దారి ఒకటుంది. జర్మనీలో ఒక జిల్లా ఆసుపత్రి ప్రసూతి వార్డుకి నర్సుల్ని తీసుకుంటోంది. ఈ నెల 27న వీడియో ఇంటర్వ్యూ. మా హాస్టల్ నుంచి ముగ్గురం: నేను, నరసాపురం పిల్ల క్రిస్టీనా, ప్రొద్దుటూరు నాజ్నీన్. హైదరాబాదు నుంచి ఏజెన్సీ తరఫున ఉదయకిరణ్ సార్ ఫోన్లో చెప్పే జర్మన్ పాఠాలు ఏడాదిన్నరగా వింటున్నాం. వయసు అడ్డు కాదన్నారు. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని విమానం ఎక్కేలోగా ఆఫర్ లెటర్ నా చేతిలో ఉండాలి. యాభై ఏడు రోజులు.

లేకపోతే చీరాల. అక్కడ నర్సింగ్‌హోముల వాళ్ళకి ఇరవై రెండేళ్ళ పిల్లలు కావాలి, తల వంచుకుని పనిచేసేవాళ్ళు కావాలి. నాకు ఆ వయసూ లేదు, ఆ మెడా లేదు.

మే 6

సార్ మూడు పేజీల కాగితం పంపాడు. ఇంటర్వ్యూలో చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటేనట: మా జిల్లా గురించి మీకేం తెలుసు? పోయిన బ్యాచ్‌నీ అదే అడిగారట. కాబట్టి జిల్లా మొత్తం బట్టీ పట్టాలి. భౌగోళికం ఒక పేజీ, పరిపాలన ఒక పేజీ, చూడదగిన స్థలాలు ఒక పేజీ.

గల్ఫ్ నర్సులకి ఇది కొత్త విద్య కాదు. లైసెన్సు పరీక్షకి ముందు అందరం డంపులు మింగే వచ్చాం. పాత ప్రశ్నలు, పాత జవాబులు. ప్రశ్నలో ఫలానా మాట కనిపిస్తే మూడోదానికి టిక్కు పెట్టు, ఎందుకని అడక్కు. నేనూ అలాగే పాసయ్యాను, బుకాయించను. కానీ మనుషులు పుట్టి చచ్చే ఒక జిల్లాని డంపు చేసి మింగమనడం ఇదే చూడటం.

మే 7

అడవి నలభై రెండు శాతం. అడవి నలభై రెండు శాతం. అడవి నలభై రెండు శాతం.

మే 9, శుక్రవారం

సెలవు. వంటగదిలో నాజ్నీన్ ఉల్లిపాయలు వేయిస్తుంటే క్రిస్టీనా అప్పజెప్పింది, నేను కాగితం పట్టుకున్నాను. ఎర్లెన్‌గ్రుండ్ జిల్లా. ఉత్తరాన అడవి కొండలు, దక్షిణాన ఎర్లా నది మైదానం. జిల్లా కేంద్రం పేరూ ఎర్లాయే. తొమ్మిది పట్టణాలు, ముప్పై ఒక్క గ్రామం. కూలిపోయిన కోట ఒకటి, నీటి మర మ్యూజియం, కొండ మీద చెక్కతో కట్టిన చర్చి, ఆదివారాలు నడిచే పొగబండి. క్రిస్టీనా కళ్ళు మూసుకుని ఎక్కడా తడబడకుండా ఒప్పజెప్పింది. కోట ఏ కొండ మీద ఉందని మధ్యలో అడిగితే ఆగిపోయింది. "మజ్జలో అడక్కండక్కా, మళ్ళీ మొదట్నించీ చెప్పుకోవాలి" అంది.

నేను మాత్రం రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. జిల్లాని ఏలేవాణ్ణి లాండ్‌రాట్ అంటారట, జనమే ఓటేసి ఎన్నుకుంటారట. జిల్లా మండలి సమావేశం మొదట్లో, ఆ జిల్లాలో కాపురముండేవాళ్ళు ఎవరైనా లేచి ప్రశ్న అడగొచ్చట. జవాబు చెప్పి తీరాలట.

మూడుసార్లు చదివాను. మన కలెక్టర్‌ని ఎవరు ఎన్నుకున్నారు? సోమవారం అర్జీ పట్టుకుని వరసలో నిలబడటం వేరు, కుర్చీలోంచి లేచి ప్రశ్న అడగడం వేరు. మొదటిదాంట్లో వాడు దొర, రెండోదాంట్లో వాడు నౌకరు. ఈ తేడా తెలియకుండా డెబ్భై ఎనిమిదేళ్ళు గడిపేశాం అన్నాను. నాజ్నీన్ గరిటె తిప్పుతూ, కలెక్టర్ని కూడా ఓటేసి పెట్టుకుంటే మా ఊర్లో ఇంకో బిర్యానీ పొట్లం వస్తాది, అంతకు మించి ఒరిగేదేం లేదంది. వాదించాను. అన్నం చల్లారిపోయేదాకా వాదించాను. చివరికి నాజ్నీన్ ఒకటే మాట అంది.

"ఆ కోట సంగతి సరేగానీ, ఈడ ఖారా కొండ చూసినావా అక్కా, ఈ పందొమ్మిదేండ్లలో?"

చూడలేదు. బస్సులోంచి చూశాను.

మే 13

ఇద్దరం నర్సులం, అయిదుగురు నొప్పుల మీద. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఖలాస్ సిస్టర్, సర్దుకోండి అంది. సర్దుకున్నాం. అయిదుగురూ క్షేమం. రేపు ఆ క్షేమాన్నే చూపించి, ఇద్దరు చాలు కదా అంటారు.

మే 16, శుక్రవారం

కాగితం మీద నమ్మకం లేక కాదు, ఆ ప్రశ్నలడిగే సమావేశం ఎలా ఉంటుందో చూద్దామని ఎర్లెన్‌గ్రుండ్ జిల్లా మండలి కోసం ఫోన్లో వెతికాను. దొరకలేదు. నా జర్మన్‌దే లోపమనుకున్నాను. అక్షరాలు ఒక్కొక్కటే కొట్టి చూశాను. పాత పటాలు వచ్చాయి, పాత తపాలా బిళ్ళ వచ్చింది, కారు నంబరు ప్లేట్లు సేకరించే ఒక ముసలాయన పేజీ వచ్చింది. జిల్లా మాత్రం రాలేదు.

రెండు గంటలు డిక్షనరీ పెట్టుకుని చదివితే తేలింది. ఎర్లెన్‌గ్రుండ్ జిల్లా లేదు. పదకొండేళ్ళ కిందట దాన్ని పక్కనున్న నార్డ్‌బెర్గ్ జిల్లాలో కలిపేశారు. కేంద్రం ఇప్పుడు నార్డ్‌బెర్గ్ పట్టణం. లాండ్‌రాట్ వేరు, మండలి వేరు. అడవి ముప్పై ఒక్క శాతం.

పది రోజులుగా మేం ముగ్గురం లేని జిల్లాని కంఠస్థం చేస్తున్నాం.

నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. జిల్లా మారితే ఏమవుతుందో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా అమ్మ గుంటూరు జిల్లా చీరాలలో పుట్టింది. నేను ప్రకాశం జిల్లా చీరాలలో పుట్టాను. మా చెల్లెలి మనవడు బాపట్ల జిల్లా చీరాలలో పుట్టాడు. ముగ్గురం పుట్టింది ఒక్క పేటలోనే. పాలన గుమ్మం ముందుకొస్తుందని మనవాళ్ళు జిల్లాలు చీలుస్తారు. ఖర్చు తగ్గుతుందని వాళ్ళు కలుపుతారు. చీల్చినా కలిపినా చేసేవాడు పైనున్నవాడే. పేటలో మంత్రసానిని పిలిచి, అమ్మా, నీకు ఏ ఊరు దగ్గర అని ఎక్కడా ఎవడూ అడగడు.

మే 17

ఉదయకిరణ్ సార్‌కి ఫోన్ చేశాను. ముందు నమ్మలేదు. లింకు పంపాక మర్యాదగానే చెప్పాడు. ఆ కాగితం ఆయన రాసింది కాదట, ఏజెన్సీలో ఎప్పట్నుంచో ఉందట. పోయిన బ్యాచ్ ఎనిమిదిమంది అదే చెప్పారట, అయిదుగురు సెలెక్టయ్యారట. వాళ్ళు వినేది భాషనేగానీ విషయాన్ని కాదట.

"మేడమ్, ముగ్గురిలో ఒక్కరు వేరేగా చెబితే మిగతా ఇద్దరూ బట్టీ అని దొరికిపోతారు. మీరు పెద్దవారు. ఆ పిల్లల గురించి ఆలోచించండి."

ఇది నాకు తెలిసిన వాదనే. ప్రతి అబద్ధానికీ ఇద్దరు పిల్లల్ని కాపలా పెడతారు.

అయినా ఆయన చెప్పిందాంట్లో ఒక ముక్క నిజం. అదే నన్ను తినేస్తోంది.

మే 18

ఇద్దరికీ చెప్పాను. తొమ్మిది రోజులుంది, కొత్త జిల్లా నేనే రాసిస్తాను, నేర్చుకుందాం అన్నాను. నాజ్నీన్ ఒప్పుకుంది. తప్పు సరుకని తెలిసినాక అమ్మేదెట్లా అక్కా, మా నాయన కొట్లోనే అట్ల చేయలేదు అంది.

క్రిస్టీనా మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. మొన్నటి జర్మన్ పరీక్షలో మాట్లాడే భాగం ఆమె ఒకసారి తప్పింది. రెండోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. వార్డులో ఆమె చేతి పని చూసి డాక్టర్లే పక్కకి జరుగుతారు, నోరు తెరవాలంటే మాత్రం వణుకు.

"అక్కా, మీకు మాటలొచ్చు. ఏదడిగినా చెప్పేత్తారు. నాకు ఈ మూడు పేజీలే ఉన్నాయండి. ఇయ్యి కూడా తీసేత్తే నేనేం చెప్పనండీ?"

నిజం చెప్పమన్నాను.

"నిజం చెప్పడానిక్కూడా జర్మన్ రావాలి కదండీ" అంది.

కాగితం మడిచాను. లేచి వచ్చేశాను.

మే 20

క్రిస్టీనా నీటి మర గురించి స్నానాల గదిలో చెప్పుకుంటోంది. తలుపు బయట నిలబడి విని వచ్చేశాను.

మే 23, శుక్రవారం

నార్డ్‌బెర్గ్ జిల్లాని చదువుతున్నాను. డ్యూటీ దిగాక రోజూ రెండు గంటలు, బస్సులో ముప్పావు గంట. నాజ్నీన్‌కి సగం వచ్చింది. కొండలు అవే, నది అదే. నేల ఎక్కడికీ పోదు, బోర్డులు మారతాయంతే.

ఇవాళ ఆ మండలి సమావేశాల పట్టీ దొరికింది. జూన్ 24. ఏడో అంశం మీద కళ్ళు ఆగిపోయాయి. నాలుగుసార్లు చదివాను, నాజ్నీన్‌తో చదివించాను, ఇద్దరి చదువూ ఒకటే అయ్యాక రాస్తున్నాను. ఎర్లా పట్టణంలోని జిల్లా ఆసుపత్రి ప్రసూతి విభాగం మూసివేత, నిర్ణయం.

అదే ఆసుపత్రి. అదే విభాగం. మమ్మల్ని తీసుకుంటున్నది దానికే.

కేంద్రం పోయిన ఊరికి ముందు కోర్టు పోతుంది, తర్వాత ఆఫీసు, తర్వాత ఆసుపత్రి. ఎర్లా పిల్లలు ఇక నార్డ్‌బెర్గ్‌లో పుట్టాలి. నలభై ఒక్క కిలోమీటరు, మంచు కాలంలో కూడా. మరి మమ్మల్ని ఎందుకు పిలుస్తున్నారు? పేరుకి ప్రసూతి అని చెప్పి, తీసుకెళ్ళి ఏ వార్డులో నిలబెడతారు? అడగాలి. అడిగితే ఉద్యోగం పోవచ్చు. నాకు ఉద్యోగం కావాలి.

రాసేశాను కదా. కావాలి.

మే 26

నాజ్నీన్ సలహా: ఉద్యోగం వచ్చినాక అడుగు అక్కా. మంచి సలహా. పందొమ్మిదేళ్ళుగా నేను పాటించిన సలహా అదే. కాంట్రాక్టు వచ్చాక, ఇఖామా, ఈ నివాస కార్డు, రెన్యువల్ అయ్యాక, సెలవు మంజూరయ్యాక. ఆ తర్వాత అనేది ఒకటి ఉంటుందని నమ్ముతూ వచ్చాను. ఈ ఆసుపత్రిలో నేను అడగాల్సినవన్నీ ఈ డైరీలోనే ఉన్నాయి. ఇది ఏడో పుస్తకం.

మే 27, మంగళవారం

అయిపోయింది. ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

హాస్టల్ కామన్ రూమ్‌లో లాప్‌టాప్. మొదట క్రిస్టీనా, తర్వాత నాజ్నీన్, చివర నేను. అవతల ఇద్దరు: సిబ్బంది వ్యవహారాలు చూసే ఫాస్, ప్రసూతి వార్డు హెడ్ నర్సు లిండ్నర్ అనే పెద్దావిడ, అరవై దాటి ఉంటుంది. క్రిస్టీనా తడబడకుండా చెప్పిందని బయటికి వచ్చిన ముఖం చూస్తేనే తెలిసింది. ఆ పెద్దావిడ కోట మాట వినగానే నవ్విందట, కళ్ళు తుడుచుకుందట. నాజ్నీన్ నార్డ్‌బెర్గ్ చెప్పింది, రెండుచోట్ల ఆగింది, గట్టెక్కింది.

నన్ను నర్సింగ్ ప్రశ్నలు అరగంట అడిగారు. వాటిలో నన్ను పట్టుకునే మొనగాడు లేడు. తర్వాత ఫాస్ కాగితాలు సర్దుకుని అడిగాడు.

"మీ మొదటి సహోద్యోగి ఒక జిల్లా గురించి చెప్పారు, రెండో ఆవిడ ఇంకో జిల్లా గురించి చెప్పారు. మీరు ఏ జిల్లాకి వస్తున్నారు?"

వ్యంగ్యం ఏ భాషలోనైనా తెలుస్తుంది.

చెప్పాను. ఏజెన్సీ ఇచ్చిన కాగితం పాతది, ముగ్గురం బట్టీ పట్టాం, ఆలస్యంగా తెలుసుకున్నాం. క్రిస్టీనాకి మళ్ళీ నేర్చుకునే వ్యవధి లేకపోయింది. బిడ్డ అడ్డం తిరిగితే నేను నిద్రలేపేది ఆమెనే. ఆమెని కోటల గురించి కాదు, బిడ్డల గురించి అడగండి అన్నాను. క్రియలు ఎక్కడెక్కడ పడ్డాయో దేవుడికెరుక. అర్థమైంది వాళ్ళకి.

ఫాస్ రాసుకున్నాడు. పెద్దావిడ మాత్రం, మా జిల్లాలో మీరు ఏం చూడాలనుకుంటున్నారు అని మెల్లగా అడిగింది. సర్దిచెప్పడానికే అడిగిందనుకుంటా, చెక్క చర్చి అంటే సరిపోయేది.

"మీ లేబర్ రూమ్ చూడాలి. జూన్ 24న ఏడో అంశం చదివాను. అది మూసేస్తే మమ్మల్ని ఏ వార్డులో పెడతారు? తెరిచే ఉంచితే, ఒక షిఫ్టులో ఎంతమంది తల్లులకి ఒక నర్సు?"

అది ఇంకా చర్చలో ఉంది, ఇంటర్వ్యూలో చెప్పే విషయం కాదు అన్నాడు ఫాస్. పెద్దావిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. ధన్యవాదాలన్నారు. తెర ఆరిపోయింది.

క్రిస్టీనా తలుపు దగ్గరే ఉంది. మొత్తం విన్నది.

"మా కాగితం పాతదని ఆళ్ళకి మీరే చెప్పేసారా అక్కా" అంది. అంతే.

మే 28

ఆ పిల్ల కోసమే చెప్పాను. ఆమె పనితనం వాళ్ళకి తెలియాలని చెప్పాను.

మే 30

ఆ పిల్ల కోసమే చెప్పాను.

జూన్ 3

ఆమె ముందు దొరికిపోయి, నేను పక్కన నిజాయితీగా నిలబడితే ఎవరు పెద్దగా కనిపిస్తారు? ఈ ఆలోచన నాకు ఆ గదిలోనే వచ్చిందా, తర్వాత వచ్చిందా? తర్వాతే వచ్చింది. తర్వాతే వచ్చిందని అనుకుంటున్నాను.

జూన్ 7

బక్రీదు సెలవులు. వార్డులో సగం మందే ఉన్నాం. క్రిస్టీనాతో కలిసి డ్యూటీ. కవల పిల్లలు, రెండోది ఎదురుకాళ్ళతో. ఆమె నన్ను చూడకుండానే చెయ్యి చాపింది, నేను చూడకుండానే కావలసింది అందించాను. పని దగ్గర మాకు మాటలతో అవసరం లేదు. చేతులు కడుక్కునే చోట చెప్పాను, నన్ను క్షమించమని. సమర్థించుకోకుండా, వాదించకుండా చెప్పాను. నా వయసులో అదెంత పనో నాకే తెలుసు.

"క్షమాపణ ఎందుకండి. ఈసారి నా మాట నన్నే చెప్పుకోనివ్వండి అక్కా" అంది.

జూన్ 12, గురువారం

మెయిల్ వచ్చింది. క్రిస్టీనా, నాజ్నీన్ ఎంపికయ్యారు. నార్డ్‌బెర్గ్ ఆసుపత్రి, వృద్ధుల వార్డు. ప్రసూతి కాదు. నేను అడిగినదానికి జవాబు అదన్నమాట, వాళ్ళ కాగితంలో దొరికింది.

నాకు: ప్రస్తుతం అవకాశం కల్పించలేకపోతున్నాం.

నాజ్నీన్ ఏడ్చింది, నా కోసం. క్రిస్టీనా మాత్రం వెంటనే ఫాస్‌కి జవాబు రాయడానికి కూర్చుంది. వృద్ధుల వార్డుకైనా వస్తాను గానీ నాది ప్రసూతి అనుభవం, ఎర్లాలో వార్డు నిలిస్తే నన్ను అక్కడికి మార్చాలని కాంట్రాక్టులో రాయండి. అయిదు వాక్యాలు. మూడు తప్పులు. దిద్దుతానన్నాను, వద్దంది.

నాకు బాధగా ఉంది. ఈ ఒక్కసారికి అబద్ధం రాయను.

జూన్ 15

హెడ్ నర్సు లిండ్నర్ సొంత మెయిల్ నుంచి రాసింది. నా దరఖాస్తులో చిరునామా తీసుకుందట. పొద్దున్న నుంచి ఆరుసార్లు చదివాను. ఆవిడ ఎర్లాలో పుట్టింది, అదే వార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు చేసింది. మీరడిగినది మాలో ఎవరూ పైకి అడగలేదు, అందరం ఉద్యోగులం అని రాసింది. షిఫ్టుకి ఒక నర్సుకి ముగ్గురు తల్లులు, ఒక్కోసారి నలుగురు అని జవాబు కూడా రాసింది. మండలిలో ప్రశ్న అడిగే హక్కు జిల్లాలో కాపురమున్న వాళ్ళకే. నేను వచ్చే ఏడాది రిటైరవుతాను, నన్నేం చేస్తారు, మీ ప్రశ్న నా పేరుతో అడుగుతాను, అనుమతిస్తారా అంది.

అనుమతి! ఇక్కడ పందొమ్మిదేళ్ళలో నా ప్రశ్నకి జవాబే రాలేదు, అక్కడ దాన్ని వాడుకోవడానికి అనుమతి అడుగుతున్నారు.

ఒక్క మాట రాశాను. అడగండి.

జూన్ 19

ఫైనల్ ఎగ్జిట్ కాగితాలకి వేలిముద్ర. 29న దమ్మామ్ నుంచి విమానం. రెండు పెట్టెలు. డైరీలు చేతి సంచిలో.

జూన్ 25

నిన్న సమావేశం అయిందని లిండ్నర్ రాసింది. హాలు పట్టలేదట. బిడ్డల బండ్లు తోసుకుంటూ తల్లులు వచ్చారట, పాత జిల్లా నంబరు ప్లేటు కారుకి ఇంకా తీయని రైతులు వచ్చారట. పద్నాలుగు ప్రశ్నలు అడిగారు. ఏడో అంశాన్ని ఏడాదిపాటు వాయిదా వేశారు. రద్దు చేయలేదు, వాయిదా వేశారు.

నా ప్రశ్న వల్ల కాదు, అంత వెర్రిదాన్ని కాదు. తల్లుల వల్ల, రైతుల వల్ల. కాకపోతే పద్నాలుగింటిలో పదకొండోది నాది. లాండ్‌రాట్ లేచి నిలబడి జవాబు చెప్పాడట, నీళ్ళు నమిలాడట.

చివర రెండు వాక్యాలు. వార్డు ఏడాది ఉంటే మనుషులు కావాలి. ఏజెన్సీ ద్వారా వద్దు, నేరుగా నాకు దరఖాస్తు పంపండి, నేను ఉన్నంతలో గట్టిగా చెబుతాను, మాట మాత్రం ఇవ్వలేను.

మాట ఇవ్వనందుకే నమ్ముతున్నాను.

జూన్ 28

పెట్టెలు కట్టేశాను. నాజ్నీన్ సాయంత్రం కారు మాట్లాడి పెట్టింది, ఖారా కొండకి. నీ జిల్లా చూసి పో అక్కా అని. అరగంటలో వస్తుంది.

ఈ అరగంటలో దరఖాస్తు మొదలుపెట్టాను. చీరాల వెళ్ళాక పూర్తి చేస్తాను, ఎన్నిసార్లు వెనక్కి పంపితే అన్నిసార్లు రాస్తాను. ఉదయకిరణ్ సార్ పంపిన నమూనా పక్కన పడేసి, డిక్షనరీ మాత్రం దగ్గర పెట్టుకున్నాను. జిల్లా గురించి రాసే చోట ఇప్పటికి రెండే వాక్యాలు.

"మీ జిల్లా గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. తెలియనివి ఈ కింద అడుగుతున్నాను."